పడటం తెలిసిన నాజియా

పప్పన్నం తిని, పళ్ళెం కడిగేసి, తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ మెర్సీ ఇసుక కుప్ప దగ్గరికి పరుగెత్తింది. ప్రహరీ గోడ కోసమని బడి వెనక పోసిన కుప్ప అది. గోడ పని ఎప్పుడో సగంలో ఆగిపోయింది. ఇసుక పిల్లలదైపోయింది.

ఆరో తరగతి మొత్తం అప్పటికే అక్కడుంది. పరశురాం ఖాళీ నీళ్ళ సీసాను మైకులా పట్టుకున్నాడు.

“ఇటు దిక్కు, ఒక్కసారి గూడ ఓడిపోని పిడుగు మెర్సీ. అటు దిక్కు, ఎన్నిసార్లు ఓడినా సిగ్గులేకుండ మళ్ల వచ్చే తూఫాన్ నాజియా.”

నాజియా పళ్ళు కొరికి మెర్సీని కోపంగా చూసింది. పొద్దున ఆ ఇద్దరూ ఒకే జామకాయ కొరుక్కుంటూ బడికి వచ్చారంటే, ఆ చూపు చూసినవాళ్ళు నమ్మరు.

టీవీలో కుస్తీ చూసి ఇద్దరూ కలిసి తయారు చేసుకున్న ఆట ఇది. మొదట నాజియా గెలుస్తున్నట్టు ఉంటుంది. మెర్సీ మోకాళ్ళ మీద కూలిపోతుంది. చిన్న తరగతుల పిల్లలు “లే మెర్సీ, లే” అని చప్పట్లు కొడతారు. మెర్సీ మెల్లగా లేస్తుంది. నాజియా భయంతో వెనక్కి జరుగుతుంది. అప్పుడు మెర్సీ ఆమెను గాలిలోకి ఎత్తి ఇసుకలో వేస్తుంది.

నాజియా పడటం చూసి తీరాలి. కాళ్ళు గాలిలో కొట్టుకుంటాయి. రెండు చేతులూ బార్లా చాచి, ధబ్బుమని చప్పుడు చేస్తూ పడుతుంది. ఆ చప్పుడు నడుముది కాదు. పడే క్షణంలో అరచేతులతో ఇసుకను చరుస్తుంది, అంతే. ఆ తర్వాత పరశురాం పది లెక్కపెట్టేదాకా కదలదు.

పడేటప్పుడు నాజియా మెడ కింద మెర్సీ చెయ్యి ఉండాలి. ఆ సంగతి చూసేవాళ్ళకు తెలియదు. ఆ ఇద్దరికే తెలుసు.

మొదట్లో మెర్సీకి అది ఆటే. కానీ రోజూ గెలుస్తూ ఉంటే ఆమె మనసు మెల్లగా మాట మార్చింది. ఇంటికి పోయే దారిలో తన నీడ వెడల్పయినట్టు కనిపించేది. బిందె ఎత్తితే నీళ్ళు తగ్గినట్టు అనిపించేది. నాకు చాలా బలముంది అనుకుంది. ఆ మాట ఎంత తియ్యగా ఉందంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె తనను తాను అడగలేదు.

ఆ రోజు కూడా మెర్సీయే గెలిచింది. అందరూ చప్పట్లు కొడుతుంటే, గోడ మీద కూర్చున్న భాగ్యలక్ష్మి మాత్రం కొట్టలేదు.

“అంత ఉత్తదే,” అంది. “నాజియానే ఎగురుతది, నాజియానే పడుతది. నువ్వు నడుమ నిలబడుతవ్, గంతే.”

పిల్లలు నవ్వారు. మెర్సీ ముఖం వేడెక్కింది. నాజియాను పక్కకు లాగింది.

“ఇంకోసారి ఆడుదాం. ఈసారి నువ్వు ఎగురకు.”

“ఎగురకుంటే ఎట్లనే?”

“నేనే ఎత్తుత. నువ్వు ఊకె నిలబడు.”

నాజియా తల ఊపింది.

మళ్ళీ ఆట మొదలైంది. మెర్సీ నాజియా నడుము పట్టుకుని లేపింది. లేవలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ లేపింది. నానిన వడ్ల బస్తా నయం అనిపించింది. చుట్టూ కిసకిసలు మొదలయ్యాయి.

“ఎగురాల్నా?” నాజియా మెర్సీ చెవిలో అడిగింది.

మెర్సీ పళ్ళు బిగించి ఇంకా గట్టిగా లాగింది. నాజియా స్నేహితురాలి ముఖం చూసి, తనంతట తనే ఎగిరింది. ఎప్పటిలాగే దూదిలా పైకి లేచింది.

అప్పుడు మెర్సీకి అంతా అర్థమైంది. ఇన్ని రోజులూ ఉన్న బలం ఎవరిదో తెలిసింది. తెలిసినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు రెప్పపాటులో కోపమైంది. కోపం ఎదురుగా ఉన్న మనిషి మీదికి పోయింది. మెడ కింద ఉండాల్సిన చెయ్యిని మెర్సీ తీసేసింది.

నాజియా పక్కకు ఒరిగి, తన చెయ్యి మీద తనే పడింది. ఈసారి అరచేతుల చప్పుడు రాలేదు.

పిల్లలు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇంత బాగా ఎప్పుడూ పడలేదనుకున్నారు. పరశురాం పది దాకా లెక్కపెట్టి, మెర్సీ చెయ్యి పైకెత్తాడు. నాజియా లేవలేదు. ఆమె చెంపల మీద ఇసుక తడిసి ఉండటం చూసి ఒక్కొక్కరే చప్పట్లు ఆపారు.

జానయ్య సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. “ఎవరు పడేసిన్రు?”

“నేనే జారి పడ్డ సార్,” అంది నాజియా.

సారు ఆమెను బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. పోతూ పోతూ, “ఇగ మీదికెల్లి ఎవరూ ఎవర్ని ఎత్తద్దు” అని చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చాక మెర్సీ వాళ్ళ అవ్వ టీవీ ముందు కూర్చుంది. పుల్లమ్మవ్వకు కుస్తీ అంటే ప్రాణం. ఆ కుస్తీ పట్టే ఆడవాళ్ళ పేర్లకు నోరు తిరగదు కాబట్టి తనే పేర్లు పెట్టుకుంది. ఎర్రజుట్టుది, గుడ్లురిమేది.

“కొట్టు, ఎర్రజుట్టుదాన్ని కొట్టు,” అంటోంది అవ్వ.

“గదంత ఉత్తదే అవ్వా. ముందే మాట్లాడుకుంటరు,” అంది మెర్సీ. రెండు రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

“నాకు ఎర్కలేదా బిడ్డా. మా చిన్నప్పుడు భాగోతంల రాత్రి సచ్చిపోయినోడు, తెల్లారి మా ఇంటికే చాయకు వస్తుండె. అయినా రాత్రి ఏడుపాగుతుండెనా?”

“మరెందుకు చూస్తున్నవ్?”

“పడుడు చూస్త. గెలుసుడేముంది, ఎవలన్న గెలుస్తరు. గట్ల పడుడు ఎందరికొస్తది? జర జరుగు, మళ్ల చూపిస్తుండు.”

టీవీలో ఆ దెబ్బను మళ్ళీ మెల్లగా చూపించారు. గుడ్లురిమేది ఎర్రజుట్టామెను ఎత్తి కింద వేస్తోంది. ముఖం నిండా కోపం. కానీ ఆమె అరచెయ్యి ఎర్రజుట్టామె తల వెనక మెత్తగా విచ్చుకుని ఉంది. తలకన్నా ముందు ఆ చెయ్యే నేలను తాకింది. కింద పడుతున్నామె కళ్ళు మూసుకుని ఉంది. వెనక్కి చూసుకోలేదు.

అవ్వ “సచ్చింది పో” అని సంతోషపడింది. మెర్సీ లేచి బయటికి పోయింది.

సోమవారం నాజియా వచ్చింది. మణికట్టుకు కట్టు ఉంది. వాళ్ళమ్మ లాడ్లీ బేగం చున్నీ చింపి ఆ చెయ్యిని మెడకు వేలాడదీసింది. నాజియా ఎప్పటిలాగే వచ్చి మెర్సీ పక్కన కూర్చుంది.

“నొస్తుందా?” మెర్సీ అడిగింది.

“జర.”

“సారుకు ఎందుకు చెప్పలే?”

“చెప్తే నిన్ను తిడ్తడని.” నాజియా కిటికీ వైపు చూసింది. “నువ్వు చెయ్యి తీసేసినవ్ గద.”

“అవ్.”

“నేను ఎనకకు చూడకుండ పడేది, నీ చెయ్యి ఉంటదనే.”

మెర్సీ ఆ కట్టు వైపు చూసింది. “నేను నిన్ను ఎత్తలేనని గప్పుడే తెలిసింది. సిగ్గయింది. కోపం నీ మీదికొచ్చింది. తప్పు నాదే.”

“గింత పొడుగు పెరిగినవ్, గది ఇన్ని రోజులు తెల్వలేదా?” నాజియా కొంచెం నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. “నేనైతే ఇగ పడ.”

“నువ్వు పడకు. నేను పడుత.”

“ఒక్క చేత్తోని నిన్నెట్ల పడగొట్టాలె?”

“ఒక్క వేలు చాలు.”

మధ్యాహ్నం మెర్సీ మొదట స్టాఫ్‌రూముకు పోయి జరిగింది చెప్పింది. జానయ్య సారు చేతిలోని కలం పక్కన పెట్టాడు. “ఈ మాట నాజియాకు చెప్పినవా?”

“చెప్పిన సార్.”

“మంచిది. ఎత్తుడు మాత్రం బంద్.”

ఇసుక కుప్ప దగ్గర మెర్సీ గట్టిగా అరుస్తూ నాజియా మీదికి దూసుకొచ్చింది. నాజియా కదల్లేదు. బాగున్న చెయ్యి ఎత్తి, చూపుడు వేలితో మెర్సీ నుదుటిని తాకింది.

మెర్సీ వెనక్కి పడబోయింది. కానీ ఒళ్ళు మాట వినలేదు. మెడ తిరిగి వెనక్కి చూసింది, మోకాళ్ళు వంగాయి. కుర్చీలో కూర్చున్నట్టు చతికిలబడింది. అందరూ గొల్లుమన్నారు.

“గడ్డం లోపలికి పెట్టు,” నాజియా కోపం ముఖం అలాగే ఉంచి, పెదవులు కదలకుండా చెప్పింది. “ఎనకకు చూడకు. అరచేతులు కొట్టు.”

మెర్సీ తూలుతూ లేచింది. మళ్ళీ దూసుకొచ్చింది. వేలు నుదుటిని తాకింది.

ఈసారి వెనక్కి చూడలేదు. ఆకాశం గిర్రున తిరిగింది. ధబ్బుమని చప్పుడైంది. చెవుల్లోకి ఇసుక పోయింది.

భాగ్యలక్ష్మి గోడ దిగి ముందుకొచ్చింది. పిల్లలు “తూఫాన్, తూఫాన్” అంటున్నారు. పరశురాం లెక్కపెడుతున్నాడు. మెర్సీ లోపల ఒక మూల ఎవరో లే, లే అంటున్నారు. ఆమె కదల్లేదు.

ఎనిమిది దగ్గర పరశురాం ఆగిపోయాడు. సీసా పక్కన పెట్టి, వంగి, భయంగా అడిగాడు.

“మెర్సీ, నిజంగనే తగిలిందా?”

మెర్సీ కళ్ళు తెరవకుండానే గొణిగింది.

“ఆపకురా. లెక్కపెట్టు.”