గొలొంద్రీనా టీవీలో ఎర్ర దీపం

స్కార్‌బరోలో లారెన్స్ రోడ్డు మీద ఒక పాత ప్లాజా ఉంది. కింద సెలూన్, పక్కన మాంసం కొట్టు, ఆ పక్కన మూతబడిన లాండ్రీ. వాటి మీద ఒకే ఒక్క మేడ గది. రాత్రిపూట ఆ గదికి పార్శిల్ ఇవ్వమంటే ఈ పరాయి దేశంలో డెలివరీలు చేసుకు బతికే మన తెలుగు కుర్రాళ్ళెవరూ ఒప్పుకునేవారు కాదు.

టిప్ ఎంత ఇస్తామన్నా సరే — మెట్ల కింద పెట్టి, ఫోటో కొట్టి, వెనక్కి చూడకుండా పోయేవారు.

ఎందుకురా అంటే ఒక్కొక్కడు ఒక్కోటి చెప్పేవాడు. కిటికీలో ఎర్ర దీపం కనబడిందని ఒకడు. గదికి కరెంటు తీసేసిన నెలల్లో కూడా అది వెలుగుతూనే ఉందని ఇంకొకడు. ఆడమనిషి గొంతు... ఏదో అడుగుతున్నట్టు... అని మూడోవాడు. మరి ఖాళీ గదికి బిర్యానీ ఆర్డర్ పెట్టిందెవరని అడిగితే మాత్రం ముగ్గురూ బండి స్టార్ట్ చేసేవారు.

దెయ్యం ఉందో లేదో తేల్చడం మనవల్ల అయ్యే పని కాదు. ధాత్రికి జరిగింది మాత్రం విన్నది విన్నట్టు చెప్పుకుందాం.

ముందు ఆ గది సంగతి. ఒకప్పుడు అది టీవీ స్టేషను. నవ్వకండి, నిజంగానే. పేరు గొలొంద్రీనా టీవీ. స్పానిష్‌లో గొలొంద్రీనా అంటే ఒక చిన్న వలస పిట్ట. మెట్ల గోడ మీద ఆ పిట్ట బొమ్మ ఇప్పటికీ సగం చెరిగి కనబడుతుంది. మేడ మీద బక్క యాంటెనా, దానికి తగ్గ సిగ్నల్. నాలుగు బస్టాపులు దాటితే బొమ్మ రాదు. కానీ చిలీ వాళ్ళూ ఎక్వడార్ వాళ్ళూ ఉండేది ఆ నాలుగు వీధుల్లోనే, వాళ్ళకి అది చాలు. ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరికి గది కావాలి, దేశంలో ఎవరి తల్లి పోయింది... అన్నీ రొసారియో అనే ఆవిడ చదివేది. తర్వాత వాళ్ళ పిల్లలు ఇంగ్లీషు ఛానళ్ళకి అలవాటుపడ్డారు. స్టేషను మూతబడింది.

చాలా ఏళ్ళకి ఆ తలుపు మళ్ళీ తెరిచింది మన వీరభద్రరావుగారు.

అది మన పిల్లలు విమానాలకి విమానాలు దిగుతున్న కాలం. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిదిమంది, ఒక్కో కాఫీ షాపు ఉద్యోగానికి వీధి చివరిదాకా లైను. ధాత్రి నల్గొండ నుంచి వచ్చి, కాలేజీ పూర్తిచేసి, ఆ లైన్లో నిలబడే కాఫీ షాపులో చేరిన పిల్ల. వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతోంది. కప్పులు కడిగిన అనుభవం పీఆర్‌కి పనికిరాదు. ఈ దేశంలో ఉండిపోనిచ్చే ఆ కాగితానికి చదువుకి తగ్గ ఉద్యోగం ఏడాదిపాటు చేసినట్టు చూపించాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ దిగులుతో రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

ఉగాది ఫంక్షన్లో ఆమె యాంకరింగ్ చూసి వీరభద్రరావుగారు దగ్గరికి పిలిచారు.

"మనవాళ్ళకి తెలుగు ఛానల్ నడుపుతున్నానమ్మా. నీ షిఫ్టు అయ్యాక వచ్చి వార్తలు చదువు. ఏడాది తిరగ్గానే ఎక్స్‌పీరియన్స్ లెటర్ నా చేత్తో ఇస్తా, పీఆర్‌కి అప్లై చేసుకో. మా అమ్మాయి ఎంతో నువ్వూ అంతే."

పరాయి దేశంలో ఆ చివరి మాట వింటే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. ధాత్రికీ చెమర్చాయి. ఆ గది గురించి చెవినపడ్డ కథలు అప్పుడు గుర్తురాలేదు. వచ్చినా, ఆమెకి దెయ్యం కన్నా పీఆర్ పెద్దది.

పని సులువే. రాత్రి భోజనాలయ్యే వేళకి ఆయన వచ్చి స్విచ్ వేసేవారు. గదిలో లైటు, కెమెరా నెత్తిన ఎర్ర దీపం వెలిగేవి.

"ఆ దీపం వెలిగిందంటే ఊరు నిన్ను చూస్తోందని అర్థం. దాని కళ్ళలోకి చూసి చదువు."

అప్పుడప్పుడూ ఏ కిరాణా షాపాయన్నో, ట్రావెల్స్ ఆయన్నో వెంటబెట్టుకొచ్చి అద్దం అవతలి నుంచి చూపించేవారు. "మన ఛానల్. మన యాంకర్." వాళ్ళు తలలూపి, ప్రకటనలిచ్చి వెళ్ళేవారు. ధాత్రి ఏ బస్సు రూటు మారిందో, ఏ కాలేజీలో సీట్లు తగ్గాయో, ఎవరు పోతే శవాన్ని ఇంటికి పంపడానికి చందాలు పోగవుతున్నాయో ఒక్కొక్కటీ చదివేది. చదువుతున్నంతసేపూ తనకీ ఈ ఊళ్ళో ఒక చోటుందనిపించేది.

తనను తాను టీవీలో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. ఎలా చూసుకుంటుంది? బేస్‌మెంట్‌లో ఎనిమిది ఫోన్లున్నాయి గానీ టీవీ ఒక్కటీ లేదు. తెలిసిన స్టూడెంట్లెవరి దగ్గరా లేదు.

"యూట్యూబ్‌లో కూడా పెడదాం అంకుల్," అంది ఒకసారి.

"యూట్యూబ్‌లో పిల్లులు కూడా వస్తాయమ్మా. మనది ఛానల్," అని కొట్టిపారేశారు.

టీవీ ఉన్నది పై ఇంటి సీతాదేవిగారికి. కూతురి దగ్గరుండే పెద్దావిడ. ఆ బేస్‌మెంట్ అద్దెకిచ్చింది ఆ కూతురే. మనవలు ఇంగ్లీషు తప్ప మాట్లాడరు, ఆవిడకి తోడు రెండు కొమ్ముల యాంటెనా ఉన్న పాత టీవీ.

"నువ్వు చెప్పిన నంబర్లో చుక్కలే వస్తున్నాయి అమ్మాయ్," అంది.

యాంటెనా ఊరి పక్కనున్న సరస్సు వైపు తిప్పమన్నారు వీరభద్రరావుగారు. ఆవిడ తిప్పింది. చుక్కలు. కిటికీలో పెట్టింది. చుక్కలే. అయినా పాపం, రోజూ వార్తల వేళకి ఆ నంబరు పెట్టుకుని కూర్చునేది. "ఎప్పటికైనా రాకపోతావా," అనేది.

చలి ముదిరాక... ఆ గొంతు మొదలైంది.

వార్తలు అయిపోయాయి. కాగితాలు సర్దుకుంటోంది. చెవిలో ఇయర్‌ఫోన్ ఇంకా తియ్యలేదు. ముందు ఒక ఊపిరి వినబడింది. తర్వాత ఒక ఆడగొంతు — సన్నగా, బతిమాలుతున్నట్టు —

"ఆల్గియెన్ మె ఓయె...?"

ధాత్రి గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఎవరూ లేరు.

పాత టేపు ఏదో తిరుగుతుందిలే అన్నారు వీరభద్రరావుగారు. మర్నాడు మళ్ళీ అదే మాట. ఆ మర్నాడూ అదే... ప్రతిసారీ ఇంకొంచెం దగ్గరగా.

ఇక ఉండబట్టలేక ఒక సాయంత్రం కింది సెలూన్‌కి వెళ్ళింది. దాని యజమాని ఎర్నెస్తో, ఎక్వడార్ నుంచి వచ్చిన ముసలాయన. విన్న మాట విన్నట్టు అప్పజెప్పింది. ఆయన చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఎవరైనా నా మాట వింటున్నారా, అని." గొంతు తగ్గించాడు. "ఎక్కడ విన్నావు?"

ధాత్రి వేలెత్తి పైకప్పు చూపించింది.

ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "చివర్లో ఖర్చు భరించలేక ఓనరు సిగ్నల్ ఆపేశాడు. వార్తలు చదివే రొసారియోకి మాత్రం చెప్పలేదు. ప్రకటనల వాళ్ళకి చూపించడానికి ఆవిడ కావాలి కదా... ఈ షాపు టీవీలో చుక్కలు వచ్చేవి. ఆవిడేమో రోజూ ఎర్రటి లిప్‌స్టిక్ వేసుకుని ఆ మెట్లెక్కేది. తెలిసే వెళ్తోందనుకున్నాం. ఒకరోజు ఎవరో బొమ్మే రావట్లేదని ఆవిడతో అనేశారు. మర్నాడు పొద్దున చూస్తే... ఆ కుర్చీలోనే పోయి ఉంది. కళ్ళు తెరిచి, దీపం వైపు చూస్తూ."

ధాత్రికి దెయ్యం సంగతి తర్వాత తట్టింది. ముందు తట్టింది చుక్కల సంగతి.

గబగబా మెట్లెక్కింది. శుభ్రం చేసుకోమని ఇచ్చిన తాళంచెవితో తలుపు తీసి, కెమెరా వెనక తీగ పట్టుకుంది. తీగ కర్టెన్ వెనక్కి, అక్కడి నుంచి సిగ్నల్ పంపే బీరువా అంత పాత యంత్రం దాకా పోయింది. దాన్నుంచి పైకప్పు యాంటెనాకి పోవాల్సిన లావాటి కేబుల్... కోసి ఉంది. కోసిన చోట ఏళ్ళనాటి దుమ్ము.

ఎర్ర దీపం తీగ మాత్రం గోడ మీది స్విచ్‌కి కలిపి ఉంది. ట్యూబ్‌లైట్ వేస్తే దీపమూ వెలుగుతుంది, అంతే. ఇన్ని నెలలూ ఆమె ఒక బల్బు కళ్ళలోకి చూసి నవ్వింది.

వెనక అడుగుల చప్పుడైంది. వీరభద్రరావు. ఇక్కడి నుంచి 'గారు' తీసేస్తున్నాం, ఏమీ అనుకోకండి.

"అంకుల్... ఇది బయటికి పోవట్లేదు కదా?"

ఆయన తడబడలేదు. తడబడి ఉంటే ధాత్రికి కాస్త నయంగా ఉండేదేమో.

"లైసెన్సు ఎప్పుడో పోయిందమ్మా. ప్రకటనల వాళ్ళకి గదీ మనిషీ కనబడాలి. నీకు లెటర్ కావాలి. ఇద్దరి పనీ నడుస్తోందిగా."

"లేని ఛానల్ లెటర్ పట్టుకెళ్తే, ఆఫీసర్ ఒక్క ఫోన్ చేస్తే చాలు. అబద్ధం చెప్పిందని నన్నే వెళ్ళగొడతారు. ఏళ్ళ తరబడి మళ్ళీ రానివ్వరు!"

"అందుకే ఎవరితోనూ అనకు."

"మీ అమ్మాయి ఎంతో నేనూ అంతే అన్నారు అంకుల్..."

ఆయన వాచీ చూసుకున్నాడు. "టైమవుతోంది. నేను కింద కారులో ఉంటా. చదివెయ్."

నమ్మించి గొంతు కోస్తారని ధాత్రి వినే ఉంది. కోసేవాడు టైమవుతోందని వాచీ చూసుకుంటాడని మాత్రం తెలియదు. పర్మిట్ అయిపోవస్తోంది. ఇంకో ఉద్యోగం వెతుక్కునే వ్యవధి లేదు. అమ్మకి ఏమని చెప్పాలో తెలియదు.

స్విచ్ ఆపేసింది. దీపం తీగ లాగి పీకేసింది. ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పడేసింది. చీకట్లోనే ఆ కుర్చీలో కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియదు... అలవాటైన చోటు కదా.

"నమస్కారం. నేను ధాత్రి," అంది చీకటితో. "ఇన్నాళ్ళూ నేను చదివినవి మీకెవరికీ చేరలేదు. వీరభద్రరావుగారు నన్ను మోసం చేశారు. సొంత మనిషని నమ్మాను. నాకన్నా ముందు ఈ కుర్చీలో రొసారియో అని ఒకావిడ చదివేది. ఆవిడనీ ఇలాగే..."

బల్ల మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి తలెత్తింది —

ఎర్ర దీపం వెలుగుతోంది.

పీకిన తీగ ఆమె చేతిలోనే ఉంది.

తలుపు దగ్గర విప్పిన బూట్లలో ఒకటి కాలికి, ఇంకోటి చేతిలో... మెట్లు ఎలా దిగిందో ఆమెకి గుర్తులేదు. కారులో కూర్చున్న మనిషి పిలుస్తున్నా ఆగకుండా, మంచులో పరుగెత్తి ఇంటికొచ్చి పడింది.

పొద్దున్నే బేస్‌మెంట్ తలుపు తట్టింది సీతాదేవిగారు. చేతిలో కాఫీ గ్లాసు.

"నిన్న రాత్రి టీవీలో వచ్చావు అమ్మాయ్! చీకట్లో కూర్చున్నా మొహం ఎంత బాగా కనబడిందో. అంతా విన్నాను. వాడి దుంపతెగ, ఎంత మోసం చేశాడు! మా అమ్మాయినీ అల్లుడినీ పిలిచి వినమన్నాను."

ధాత్రి తలుపు పూర్తిగా తీసింది.

"ఇంతకీ నీ పక్కన కూర్చున్న ఆవిడెవరు?"

"నా పక్కన... ఎవరూ లేరు అమ్మమ్మగారూ."

"అదేంటి! నెరిసిన జుట్టు, పెదాలకి ఎర్రటి రంగు. నువ్వు ఏడుస్తుంటే వీపు నిమిరింది కదా?" సీతాదేవిగారు గ్లాసు మెట్టు మీద పెట్టింది. "నువ్వు లేచిపోయాక కూడా ఆవిడ అలాగే కూర్చుంది. తిన్నగా నా వైపే చూస్తూ ఏదో అడిగింది. మన భాష కాదు. మళ్ళీ మళ్ళీ అదే మాట, బతిమాలుతున్నట్టు... నాకేం అర్థమవుతుంది? చూడలేక, 'వింటున్నానమ్మా, చెప్పు' అన్నాను."

"అప్పుడు...?" అంది ధాత్రి.

"అంతే. కళ్ళు తుడుచుకుంది. చెయ్యి చాపి దీపం ఆర్పేసింది. మళ్ళీ చుక్కలే."