గోవాల దిగిన సంచి

ఆ ఓడల తొమ్మిదో అంతస్తు, వెనుక మూల... అది మంచిది కాదట.

దయ్యం అంటే మనం పాడువడ్డ బాయో, ఏండ్ల కొద్ది తాళమేసిన ఇల్లో అనుకుంటం గద. ఇది గట్లాంటి జాగ కాదు. అద్దం లెక్క మెరిసే పెద్ద ఓడ. లిఫ్టులున్నయి, నడుమల ఈత కొట్టే హౌజున్నది, అర్ధరాత్రి దాక పాటలే పాటలు. కని ఆదివారం రాత్రి అయ్యిందంటే ఆ మూలకు పనోళ్లు ఒక్కలు పోరు. ఇద్దరు కలిసే పోతరు. ఆడ ఒక గది తలుపు ముందు సంచి ఉంటదట.

గదిల ఎవ్వరుండరు. తలుపు మూసే ఉంటది. సంచి మాత్రం ఉంటది.

నేను చూడలె. నాకు సముద్రమే తెల్వదు, మా దిక్కు పెద్ద నీళ్లంటే గండిపేట చెరువే. నాకిది చెప్పింది శాంసన్. మొయినాబాద్‌ల మా పక్కింటి సరోజమ్మక్క కొడుకు. ఆ ఓడల గదులు సాఫు చేసి, పక్కలు పరిచే నౌకరి వానిది.

నా సంగతి కూడ చెప్త, లేకుంటే ఈ ముసలోడు గాలి మాటలు చెప్తున్నడంటరు. నా పేరు యాదయ్య. మెహిదీపట్నం నుంచి చేవెళ్ల పోయే బస్సుల ఇరవై ఆరేండ్లు కండక్టర్ చేసిన. ఆఖరి ట్రిప్పులు ఎన్ని కొట్టిన్నో లెక్కలేదు. ఎన్నడు ఒక్క దయ్యం చెయ్యెత్తి బస్సు ఆపలె. అందుకే దయ్యాల ముచ్చటంటే నాకు మొదలు నవ్వొస్తది, ఎక్కువ చెప్తే కోపమొస్తది.

అసొంటి నాకే ఇప్పుడు ఆ సంచి యాదికొస్తే ఇంట్ల లైటు బంద్ చెయ్యబుద్ధైతలేదు.

శాంసన్ సెలవు మీద వచ్చి నెల అయ్యింది. పిలగాడు సగమైండు. రాత్రంత మెట్ల మీద కూసుంటుండు. "తమ్మీ, జర నువ్వన్న అడుగు. పది రోజులల్ల మల్ల ఓడెక్కాలె. అన్నం ముడ్తలేడు" అని సరోజమ్మక్క ఏడ్సింది.

ఆ రాత్రి పోయి వాని పక్కకు కూసున్న. "ఏందిరా, పిల్లను గిట్ల ప్రేమించినవా?" అన్న. నవ్వలె. వాడ కుక్కలన్ని సప్పుడు చేసుడు ఆపినంక మెల్లగ మాట్లాడిండు.

"మామా, మా ఓడ కూడ నీ బస్సు లెక్కనే. అందరు ఒక్క దగ్గర ఎక్కరు, ఒక్క దగ్గర దిగరు. బొంబాయిల కొందరు ఎక్కుతరు. గోవాల కొందరు దిగుతరు, కొత్తోళ్లు ఎక్కుతరు. మల్ల కొచ్చిల గంతే. ఓడ గుండ్రంగ తిరుగుతనే ఉంటది. ఎన్నడు ఖాళీ కాదు."

"మరి ఎవరు దిగేటోళ్లో ఎట్ల తెలుస్తది?"

"సంచులే చెప్తయి. రేపు దిగేటోళ్లు ఈ రాత్రే సంచులు తలుపు బయట పెట్టాలె. గోవాల దిగేటోళ్లకు ఎర్ర చీటీ, కొచ్చికి పచ్చ చీటీ. పదకొండు కొట్టంగనే మేం అన్ని తీసుకపోయి కిందికి దించుతం. సంచి బయట ఉన్నదంటే... ఆ మనిషి దిగుతున్నట్టే."

గంత చెప్పి ఆగిండు.

పోయిన యాడాది ఒక ట్రిప్పుల బొంబాయిల ఒక ముసలవ్వ ఎక్కింది. పేరు సాలమ్మ. బిడ్డ రేణుక తోటి వచ్చింది, ఉన్నది ఆ వెనుక మూల గదిలనే. మంగళారం కొచ్చిల దిగుడు. ఎక్కిన కాడికెళ్లి బిక్కుబిక్కుమంటున్నది అవ్వ. మాట కలిసేటోళ్లు లేరు. శనివారం రాత్రి శాంసన్ ఫోన్ల వాళ్లమ్మను "తిన్నవా అమ్మా" అని అడుగుతుంటే అవ్వ చెవుల వడ్డది. ఇగ చూడు... చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని వరండ పొడుగూత వచ్చింది.

"ఓ బిడ్డా! మనోడివేనా? ఏ ఊరు? మాది చేవెళ్ల!"

పక్కకు సూపర్‌వైజర్ ఉన్నడు. తోటి పనోళ్లున్నరు. శాంసన్ ఆడ హైదరాబాద్ అని చెప్పుకుంటడు, ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడడు. అవ్వ జాకెట్టుకు పిన్నీసులు, కాళ్లకు కడియాలు. వాళ్లు నవ్వుతున్నరు.

"సారీ మేడం... నో తెలుగు" అన్నడట.

నాకు మండింది. "థూ! నీ నోట్లె మన్నువడ! చేవెళ్లంటే మన పక్కూరు గాదురా?" అన్న. వాడు తల ఎత్తలె.

"అవ్వ ఏమనలె మామా. నా మొహం దిక్కు చూసింది, గంతే. మల్ల ఆదివారం మాపటికి నా దగ్గరికే వచ్చింది. తెలుగులనే చెప్పింది. మంగళారం దిగుడున్నది బిడ్డా, మంగళారం గడప దాటద్దు. అందుకే ఇయ్యాల మంచి గడియ చూసి సంచి దాటిచ్చిన. గోలీలు కావాలంటే నేనే వచ్చి తీసుకుంట. మంగళారం దాక ఈడనే ఉండనియ్యి. జర చూడు బిడ్డా... అన్నది."

నాకు సమజైంది. మన దిక్కు అందరు చేసేదే గద. పయనం రోజు మంచిగ లేకపోతే, ముందే మంచి గడియల సంచి గడప దాటించి పెడ్తం. మనిషి ఆనాడే బయలెల్లినట్టు లెక్క. సరోజమ్మక్క వాళ్లు చర్చికి పోతరు, వాళ్లింట్ల ఈ పట్టింపులు లేవు. కని మా ఇంటి సంచిని ఆళ్ల అరుగు మీద ఎన్నిసార్లు పెట్టలె? దానికి కాపలా కూసున్నది ఈ శాంసన్‌గాడే.

"నీకు తెలుసు" అన్న.

"తెలుసు మామా. ఓకే మేడం అన్న."

పదకొండింటికి వరండ సాఫు చేసే వేళ. ఆ మూలకు ఒక్క సంచి మిగిలింది. బట్టల దుకాణం సంచి, పట్టుకునే కాడ పసుపు గుడ్డ ముడి. చీటీ లేదు. "ఇది ఎవరిది? అడిగినవా?" అని సూపర్‌వైజర్ అరుస్తున్నడు. అవ్వ ఏం చెప్పిందో చెప్పాలంటే... తనకు తెలుగొస్తదని చెప్పాలె గద.

శాంసన్ జేబులకెళ్లి ఎర్ర చీటీ తీసిండు. ముడి పక్కకు కట్టిండు. సంచి ఎత్తిచ్చిండు.

తెల్లారేసరికి ఓడ గోవాల ఉన్నది. సంచి దిగింది. అవ్వ దిగలె.

బీపీ గోలీలన్ని అండ్లనే. ఓడ డాక్టరు పేర్లు అడిగితే, తెల్లగోలి పొద్దుగాల, చిన్నగోలి మాపటికి అని చెప్పింది రేణుక. గంతకు మించి ఎవలకు తెలుసు? ఒక్కదినానికి ఏమైతది బిడ్డా అన్నదట అవ్వ. సోమారం రాత్రి పడిపోయింది. మంగళారం కొచ్చిల మంచం మీద మోసి దించిన్రు. ఏ మంగళారం దాటద్దనుకున్నదో అదే మంగళారం. లిఫ్టు కాడ శాంసన్ తలుపు పట్టుకొని నిలవడ్డడు. అవ్వ నోరు ఒక పక్కకు పోయింది. కండ్లు మాత్రం వాన్నే చూసినయి.

"బతికిందా?" అని అడిగిన.

"తెల్వదు మామా. బతకలేదనే అనుకుంటున్న. ఎందుకంటే..."

మరుసటి ఆదివారం. ఆ గది గోవాల ఎక్కేటోళ్లకు రాసింది, అందాక ఖాళీ. శాంసనే పక్క పరిచి మూసి వచ్చిండు. పదకొండింటికి సంచులు తీసుకుంట తీసుకుంట మూల తిరిగిండు.

తలుపు ముందు సంచి. పసుపు గుడ్డ ముడి. చీటీ లేదు...

ఎట్లనో దగ్గరికి పోయి వంగి చెయ్యి పెట్టిండు. చేతికి నేలే తగిలింది. సంచి లేదు.

మూసిన తలుపు అవతల నుంచి మెల్లగ... "జర చూడు బిడ్డా."

ఉరికిండు. ఎవ్వరికి చెప్పలె. భ్రమ అనుకున్నడు. కని రెండు వారాల తర్వాత మోషే వచ్చిండు. మోషే అంటే వీనితోటి పనోడు, తమిళాయన, తెలుగు ముక్క రాదు. మొహం తెల్లవడ్డది.

"బ్రదర్, ఆ మూలకు చీటీ లేని సంచి కనవడ్డది. తీద్దామని పోతే లేదు. లోపల నుంచి ఎవరో ఏదో అన్నరు. 'జరసూడు' అంటే ఏంది? ఏ భాష?"

శాంసన్ ఏమన్నడో ఎరుకేనా? "నాకు తెల్వదు" అన్నడు.

నాకు చేతుల మీద వెంట్రుకలు లేసినయి. దయ్యానికి కాదు. వీడు మల్ల అబద్ధమాడినందుకు.

"రేపు చేవెళ్ల పోతున్నం. బతికుంటే కాళ్లు పట్టుకో. లేకుంటే ఆ బిడ్డ కాళ్లు పట్టుకో. గంతే" అన్న.

మరునాడు మాపటికి స్కూటీ మీద బయలెల్లినం. సగం తొవ్వల "మామా, ఆపు" అన్నడు. ఆపిన. రోడ్డు పక్కన కూలవడ్డడు.

"ఇంకొకటున్నది. నీకు చెప్పలె. సోమారం పొద్దుగాల రేణుకక్క అడిగింది... మా అమ్మ సంచి చూసినవా అని. చూడలేదు అన్న. నౌకరి పోతదని భయపడ్డ. ఓడ సాయంత్రం అయిదింటి దాక గోవాలనే ఉన్నది మామా. సంచి కింద షెడ్డులనే ఉన్నది. ఒక్క మాట చెప్తే... ఉరికి తెచ్చేటోన్ని."

తిట్టడానికి నోరు తెరిచిన. కని వాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే వీపు మీద చెయ్యేసి నిలవడ్డ.

చేవెళ్లల సాలమ్మలు ఎంతమందో! కని ఓడెక్కి వచ్చిన సాలమ్మ అంటే మార్కెట్ కాడ కూరగాయలామె టక్కున ఇల్లు చూపిచ్చింది. మేం పోయేసరికి చీకటయ్యింది. కరెంటు లేదు. ముందర అర్రల చార్జింగ్ లైటు, దాని పక్కకు మంచం.

మంచం మీద అవ్వ ఉన్నది. బతికే ఉన్నది!

నా పానం నిమ్మళమైంది. చూస్తివా, ఏం దయ్యం లేదు, అంత నీ తప్పు నిన్ను తింటున్నది అన్నట్టు శాంసన్ దిక్కు చూసిన. వాడు గడప లోపల గోడకు అంటుకొని నిలవడ్డడు. గడ్డం పెరిగింది, ఓడ డ్రెస్సు లేదు. రేణుక గుర్తుపట్టలె. చెంబుతోటి నీళ్లిచ్చింది.

అవ్వ మాత్రం నన్ను పట్టింది. మాట జర ముద్దగ వస్తున్నది.

"కండక్టర్ యాదయ్యవు గద. ఒకపారి బస్సుల సంచి మర్శిపోతే దాసి ఇచ్చినవ్."

కుడి చెయ్యి ఒళ్లె పడి ఉన్నది, కదుల్తలేదు. "పానం ఎట్లున్నదవ్వా?" అన్న.

"ఏం పానం కొడుకా. ఆనాడు నా సంచి పయనం పోయింది, నేను పోలె. అదే పట్టుకున్నది నన్ను." గొంతు తగ్గించింది. "ఆదివారం ఆదివారం నిద్రల ఆడికే పోత. గుడ్డ పరిచిన పొడుగు వరండ. తలుపెనుక నిలవడి పిలుస్త... జర చూడు బిడ్డా అని. ఒక పిలగాడు వస్తడు. వంగుతడు. మల్ల ఉరుకుతడు."

తాగబోయిన చెంబు దించి రేణుక చేతికిచ్చిన.

"ఆనికి తెలుగొస్తది కొడుకా. వాళ్లమ్మతోటి మాట్లాడంగ ఈ చెవులతోటి విన్న. కని నాతోటి మాట్లాడడు. మొహం తిప్పుకుంటడు."

అవ్వ మెల్లగ తల తిప్పి గోడ దిక్కు చూసింది.

"ఆ పిలగాడెవరు? వచ్చినకాడికెళ్లి ఊకనే నిలవడ్డడు. తెలుగు రాదా?"

శాంసన్ దిక్కు చూసిన. రేణుక కూడ చూసింది. ఇప్పుడు కూడ ఉరుకుతడేమో అనుకున్న. గడప రెండడుగుల దూరమే ఉన్నది.

"వస్తదవ్వా" అన్నడు. "నాకు తెలుగొస్తది. మాది మొయినాబాద్. సంచికి చీటీ కట్టింది నేనే. అక్క అడిగితే చూడలేదన్నది నేనే."

రేణుక చేతిల చెంబు కింద వడ్డది. అవ్వ అరవలె, శపించలె. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. ఎడమ చెయ్యెత్తి, గడప అవతల చీకట్లకు చూపిచ్చింది.

"అయితే... సంచి లోపల పెట్టు బిడ్డా. మంగళారం దాటింది."

నేను తొంగి చూసిన. గడప బయట ఏం లేదు. మా చెప్పులు, గంతే.

శాంసన్ పోయిండు. గడప అవతల నిలవడి కిందికి చూసి ఆగిండు. మల్ల వంగిండు. ఈసారి ఉరుకలె. రెండు చేతులతోటి ఎత్తుకొని లేసిండు. బరువుతోటి నడుము ఒంగింది. అడుగులో అడుగు వేసుకుంట వచ్చి, మంచం పక్కకు దించిండు.

వాని చేతులల్ల నాకేం కనవడలె, ఒట్టు.

కని కింద పెట్టినప్పుడు దబ్బుమని సప్పుడైంది. గోలీల డబ్బాలు గలగలమన్నయి. అది నేను విన్న. రేణుక కూడ విన్నది.