వగైరా చదవని పలక

"ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టమంటారు, నా నెత్తిమీదా?" విమల మూడోసారి అడిగింది. భోజనాల బల్ల సగం కొత్త స్పర్శపలకకే సరిపోయింది మరి.

"అసలు అక్కకిది దేనికి? ఇన్నేళ్ళూ నేను చదివి పెట్టడం లేదూ?" అన్నాడు ఆమె భర్త శేషగిరి.

"చదివావురా. ఇకనైనా నా వేళ్ళతో చూసుకోనీ," అంది హైమవతి. ఆమెకి చూపు పోయి పదకొండేళ్ళు. ఇల్లు అక్కాతమ్ముళ్ళిద్దరిదీ.

2074 నాటికి పురపాలక సంఘాల్లో కౌంటర్లు లేవు. కుళాయి నీళ్ళ నుంచి ఓటు దాకా అంతా వెబ్‌సైట్‌లోనే. అది చూపులేనివాళ్ళకీ అందాలని చట్టం వచ్చాక ఈ పలక పుట్టింది. దాని పైపొరలో లక్షల సూక్ష్మమైన మొనలుంటాయి. సైట్‌లో ఏ మూల ఏ అక్షరం ఉన్నా అవి లేచి బ్రెయిలీ చుక్కలవుతాయి. పిలిస్తే పలుకుతుంది కూడా.

శేషగిరి సైట్‌లో ఏ పత్రమైనా రెండు ముక్కలు చదివి "వగైరా, వగైరా" అని ముగించి, ఆమె వేలిముద్ర తీసుకునేవాడు. పలకకి ఆ మాట తెలియదు.

సైట్‌లో తమ ఇంటి వివరాల పేజీ మీద జరుగుతున్న హైమవతి వేళ్ళు ఒకచోట ఆగాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ తడిమాయి.

'దుగ్గిరాల హైమవతి. నిర్ణయశక్తి లేని వ్యక్తి. ఓటు లేదు. సంరక్షకుడు: తమ్ముడు.' కింద ఏటా ఒకటి చొప్పున తొమ్మిది అంగీకారాలు. అన్నీ ఆమె వేలిముద్రతోనే.

"ఇదేమిటి శేషూ?"

"నీకు శ్రమ తగ్గుతుందనక్కా. అందరూ అలాగే చేయిస్తున్నారు."

"మరి ఎన్నికలొచ్చినప్పుడల్లా మన వార్డు ఏకగ్రీవం అన్నావే!"

శేషగిరి కూతురు గౌతమి తండ్రి మొహంలోకి చూసింది. ఆయన పప్పు గిన్నె వైపు చూస్తున్నాడు.

"ఇది తప్పని ఫిర్యాదు రాయి," హైమవతి పలకతో అంది.

"రాశాను," పలక గొంతు ఎంతో మర్యాదగా ఉంది. "పంపాలంటే మీ సంరక్షకుడి వేలిముద్ర కావాలి."

ఆమె పలకని తమ్ముడి వైపు తిప్పి కాచుకుంది.

"ఇప్పుడెందుకక్కా అవన్నీ," అన్నాడతను చివరికి. "అన్నం చల్లారిపోతోంది."

హైమవతి కంచం దగ్గరికి జరుపుకుంది. ముద్ద కలుపుతూ, రోజూ మాట్లాడే గొంతుతోనే ముగ్గురికీ చెప్పింది:

"రేపు పొద్దున్న కోర్టుకి వెళ్తున్నాను. నాకు మతి ఉందని చెప్పడానికి సాక్షి కావాలంటారు. మీలో ఎవరొస్తారో ఆలోచించుకోండి. రాకపోయినా వెళ్తాను."