అతికించిన ముగింపు

ఆదివారం ఆరాధన ముగియకముందే త్రివేణి మందిరంలోంచి లేచి ఇంటికి వచ్చేసింది! పెళ్లయిన ఆరేళ్లలో ఆమె ఇలా మధ్యలో లేచి రావడం ఇదే మొదటిసారి. మెట్ల దగ్గర విడిచిన చెప్పులు కూడా మరిచిపోయింది. మార్చి ఎండకు కాలనీలోని సిమెంటు రోడ్డు కాలిపోతున్నా అరికాళ్లకు తెలియలేదు. తాళం తీసి వంటింట్లోకి వెళ్లి, పొద్దున నానబెట్టిన బియ్యం గిన్నె ముందు కూర్చుంది. అత్తమ్మ వస్తుంది, ఆయన వస్తాడు, ఇద్దరూ ఆకలితో వస్తారు... వండాలి. కానీ చేతులు కదలలేదు.

"ఈ సంఘంలో ఒక సోదరి ఉంది..." భర్త ఐలేష్ గొంతు ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది. "బిడ్డను పోగొట్టుకున్నది. ఏడాది పాటు ఆమె ప్రార్థన చేయలేకపోయింది. అందరూ పాడుతుంటే పెదవులు మాత్రం కదిపింది. కానీ ఈ రోజు చూడండి! దేవుడు ఆమెకు విజయమిచ్చాడు! ఆమె మళ్లీ పాడుతున్నది! హల్లెలూయా!"

పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఏముంది? నలభై ఇళ్ల సంఘంలో నిరుడు బిడ్డను మట్టిలో పెట్టుకున్న తల్లి ఎవరో ఎవరికి తెలియదు? ముందు వరుసలో ఒక తల తిరిగింది, తర్వాత ఇంకొకటి, తర్వాత అన్నీ! పక్కనే కూర్చున్న అత్త సుక్కమ్మ కూడా తిరిగి చూసింది. ఆ చూపును తట్టుకోలేకనే త్రివేణి లేచింది...

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక ఐలేష్‌కు చిన్న దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్తగా తీగ చుట్టి ఇస్తాడు. మందిరం పెద్ద నారయ్య అయ్యగారికి గొంతు పాడై, "ఇగ నా తర్వాత వాక్యం చెప్పేటోడు నువ్వే ఐలేషూ!" అన్నప్పటి నుంచి, రెండేళ్లుగా ప్రతి శుక్రవారం హయత్‌నగర్ వెళ్లి ప్రసంగ పాఠాలు నేర్చుకుంటున్నాడు. అక్కడి గురువు వినోద్ కుమార్ సార్. ప్రసంగానికి ప్రవేశం ఎలా ఉండాలి, మూల వచనాన్ని దాని సందర్భంలో ఎలా చదవాలి, జీవితంలోంచి ఉదాహరణ ఎలా తేవాలి, ముగింపు ఎలా చెప్పాలి... అన్నీ నోటుబుక్కులో రాసుకొచ్చేవాడు. డిగ్రీ చదివిన త్రివేణి వాటిని సాపు రాసిపెట్టేది.

శనివారం సాయంత్రం వంటింటి గడప మీద నిలబడి ఆమెకు ప్రసంగం వినిపించడం వాళ్ల అలవాటు. కుక్కర్ మూడో కూత వేసేలోపు ప్రవేశం ముగియాలని ఆమె పెట్టిన నియమం! "రెండో మాట మొదటి మాటనే గదా, ఎందుకు రెండుసార్లు?" అని మొహమాటం లేకుండా అడిగేది. అతను తల గోక్కుని దిద్దుకునేవాడు.

కానీ నిన్నటి శనివారం అతను గడప మీదికి రాలేదు. "ఈసారి నువ్వు మందిరంలనే విను" అని నవ్వాడు. ఎందుకో ఆమెకు ఇప్పుడు అర్థమైంది!

ఆ మాట ఆమె అతనికొక్కడికే చెప్పుకుంది. దవాఖాన నుంచి ఉత్త చేతులతో వచ్చిన మూడు నెలలకు, ఒక పొద్దున కొళాయి దగ్గర బట్టలు పిండుతూ, "నాకు ప్రార్థన వస్తలేదయ్యా... కండ్లు మూస్తే ఆ దవాఖాన లైటే కనిపిస్తది" అంది. అతను ఆమె చేతిలోని తడిబట్ట తీసుకుని తనే పిండాడు. ఆ ఒక్క పనికే ఆమె అతన్ని ఎంతగా నమ్మిందో!

తలుపు చప్పుడైంది. సుక్కమ్మ లోపలికి వచ్చింది. చేతిలో కోడలి చెప్పులు ఉన్నాయి. వెనకే ఎదురింటి మైసమ్మ.

"ఏడాది సంది ప్రార్థన చేస్తలేవా?" సుక్కమ్మ చెప్పులు కింద పెట్టింది. "దినాం పొద్దుగాల నా పక్కన చాప మీద కూసోని కండ్లు మూసుకుంటివి గదనే! అదంత నాటకమేనా?"

"అత్తమ్మా..."

"ఊకో వదినా" అంది మైసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "దేవుడు విజయమిచ్చిండని జెప్పిండు గద నీ కొడుకు. మస్తు జెప్పిండు! నా కండ్లల్ల నీళ్లొచ్చినయ్. అవ్ పిల్లా, మళ్ల పాడుతున్నవట గద, ఓపారి గట్టిగ పాడరాదు, నేనూ వింట!"

త్రివేణి బియ్యం గిన్నె దగ్గరికి లాక్కుంది. మైసమ్మ కాసేపు నిలబడి, ఇక్కడ ఇంకేమీ దొరకదని తేలాక వెళ్లిపోయింది.

ఐలేష్ వచ్చేసరికి అతని ముఖం వెలిగిపోతోంది! "అయ్యగారు భుజం తట్టిండు! ఎట్లున్నది త్రివేణీ? నడుమల లేచినవేంది, పానం బాగలేదా?"

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో ఏముందో గాని అతని నవ్వు ఆగిపోయింది.

"పేరైతే చెప్పలే గదా..." అన్నాడు గొంతు తగ్గించి. "ఉదాహరణ జీవితంలకెళ్లి రావాలన్నరు సార్..."

"ఎవరి జీవితంలకెళ్లి? నీ జీవితంలకెళ్లి తీస్కోకపోయినవా?" "సరే, నన్నడగకుంట చెప్పినవ్. మరి అబద్ధమెందుకు చెప్పినవ్? నేను పాడుతున్ననా? ఎప్పుడు పాడిన? నువ్విన్నవా?"

"ముగింపు విజయంతోని ఉండాలె గదా... లేకుంటే జనం బరువుతోని ఇంటికి పోతరని..."

"నీ ప్రసంగానికి ముగింపు దొరకలేదని నా ఏడుపుకు ముగింపు పెట్టినవా!"

ఐలేష్ తల వంచుకున్నాడు. సుక్కమ్మ కూడా చూపు దించుకుంది.

"వచ్చే ఆదివారం సార్ వస్తున్నడు..." తల ఎత్తకుండానే ఐలేష్ అన్నాడు. "నా పరీక్ష ప్రసంగం. నువ్వు..."

"నేను రాను. ఇంక నీకేమన్న చెప్పాలంటేనే భయమైతుంది. నీకు చెప్పిన మాట మైకులకెళ్లి వినాల్సొస్తది!"

ఆ మాట అతనికి ఎక్కడ తగిలిందో! అన్నం తినకుండానే దుకాణానికి వెళ్లిపోయాడు. ఆదివారం ఎన్నడూ తెరవని దుకాణం...

నాలుగు రోజులు ఇల్లు మూగబోయింది. అతను పరీక్ష కోసం రాసుకున్నవన్నీ చించేశాడు. శుక్రవారం హయత్‌నగర్‌కు కూడా పోలేదు. ఆ సాయంత్రం నోటుబుక్కు లేకుండా, ఉత్త బైబిల్ పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"త్రివేణీ, ఏం చెప్పాల్నో సమజైతలేదు. చెప్పుడు మానుకోమంటే మానుకుంట. నీ మీద ఒట్టు!"

ఆమె తరుగుతున్న బీరకాయ పక్కన పెట్టింది. చేయి కడుక్కుని బైబిల్ తీసుకుంది. ఎనభై ఎనిమిదో కీర్తన తీసి అతని ముందు పెట్టింది. ఈ ఏడాదిలో ఆమె చదవగలిగిన పుట అదొక్కటే.

అతను చదివాడు. రాత్రింబగళ్లు మొరపెట్టుకుంటున్న ఒక మనిషి... దేవుడు ముఖం దాచుకున్నాడంటున్నాడు, ఆప్తులు దూరమయ్యారంటున్నాడు. చివరికి చీకటే తనకు బంధువైందని చెప్పి అక్కడే ఆగిపోయాడు. ఐలేష్ పుట తిప్పి చూశాడు, మిగిలింది అటువైపు ఉందేమోనని! అక్కడ ఇంకో కీర్తన మొదలైంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. రాసినాయనకు ముగింపు చేతగాకనా? దేవుడు తన పుస్తకంల దీన్నిట్లనే ఉండనిచ్చిండు. ఎవ్వరూ విజయం అతికించలే. నువ్వెందుకు అతికించినవయ్యా?"

ఐలేష్ గడప మీద కూలబడ్డాడు. కాలిన మోటార్లు విప్పే ఆ పెద్ద చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. బిడ్డ పోయిననాడు కూడా ఆమె ముందు ఏడవని మనిషి! త్రివేణి అతన్ని ఓదార్చలేదు. లేచి వెళ్లిపోనూ లేదు.

మర్నాడు శనివారం మళ్లీ గడప మీదికి వచ్చాడు. "జర వింటవా? నువ్వు వద్దన్నది ఒక్కటి గూడ చెప్ప." ఆమె విన్నది. ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టి, "ఇది వద్దు" అంది. అతను కొట్టేశాడు. వస్తావా అని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆదివారం ఆరాధన మొదలయ్యాక త్రివేణి వచ్చి చివరి వరుసలో, గుమ్మం పక్కన కూర్చుంది. ముందు కూర్చున్న వినోద్ కుమార్ సార్ ఒళ్లో మార్కుల కాగితం ఉంది. ప్రవేశం, వివరణ, ఉదాహరణ, ముగింపు... అన్నింటికీ గళ్లు.

ఐలేష్ కీర్తన చదివాడు. ప్రసంగం మొదట పుస్తకాల తెలుగులోనే మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఆగి, చెమట తుడుచుకున్నాడు. ఇంటి మాటలోకి మారాడు.

"పోయిన ఆదివారం ఇక్కడ నిలబడి ఒకరి దుఃఖం చెప్పిన. అది నాది గాదు, చెప్పే హక్కు నాకు లేకుండె. చివరికి అంత బాగైందని గూడ చెప్పిన. అది అబద్ధం! నా దుకాణానికి కాలిన మోటార్లు తెస్తరు మీరు. లోపల తీగ చుట్టకుంట పైన రంగేసి పంపితే, తీస్కపోయినాయన పొలంల నిలబడి నీళ్ల కోసం చూస్తడు. నేను గట్లనే చేసిన. దేవుని పేరు మీద చేసిన! నన్ను క్షమించండి."

మళ్లీ బైబిల్ మీద చేయి పెట్టాడు.

"ఈ కీర్తన రాసినాయన చీకట్ల ఉండి గూడ దేవునితోనే మాట్లాడిండు. నాకు తెలిసింది గంతే. కీర్తన ఇక్కడ ఆగింది. నేను గూడ ఇక్కడనే ఆగుతున్న."

కూర్చున్నాడు. హల్లెలూయా లేదు, చప్పట్లు లేవు. సార్ పెన్ను కదల్లేదు. ఐలేష్ పరీక్ష పోయినట్టేనని అందరికీ అనిపించింది...

అప్పుడు సుక్కమ్మ లేచింది!

"అయ్యా, నాకు సదువు రాదు. ఒక్క మాట జెప్త." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఐలేష్ కంటె ముందు నాకొక ఆడపిల్ల. నాలుగు నెలలు నా ఒళ్లె ఆడింది... పోయినంక రెండేండ్లు నేను ప్రార్థన చెయ్యలే. వానలు పడాలని చేసిన, అందరి పిల్లలు సల్లగుండాలని చేసిన. నా కోసం ఒక్క మాట రాలే. ఎవ్వలడగలే, నేను జెప్పలే. గసుంటిదాన్ని మొన్న నా కోడల్ని నాటకమాడినవని అన్న! నా నోరు పడిపోను!"

వెనక ఎవరో వెక్కారు. చూస్తే మైసమ్మ! ఈసారి కొంగుతో మొహం తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

నారయ్య అయ్యగారు బొంగురు గొంతుతో, "మనవి చేసుకునేటోళ్లు పేర్లు చెప్పండ్రి" అన్నారు. ప్రతి వారం ప్రార్థనకు ముందు ఎవరికి వారు పేర్లు చెప్పడం, సంఘమంతా "ప్రభువా, ఆలకించు" అనడం ఆ మందిరంలో ఆనవాయితీ. ఒకరు జ్వరంతో ఉన్న తమ్ముడి పేరు చెప్పారు. ఇంకొకరు పరీక్షలు రాస్తున్న కూతురి పేరు చెప్పారు. ఏడాదిగా ఆ సమయంలో నోరు తెరవని త్రివేణి గుమ్మం పక్కన నిలబడింది. గోడ పట్టుకుంది.

"దీవెన" అంది.

ఆ పేరు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఐలేష్‌కు కూడా! దవాఖాన కాగితంలో 'ఆడ శిశువు' అని మాత్రమే ఉంది.

"నా బిడ్డ పేరు" అంది త్రివేణి. "కడుపుల ఉన్నప్పుడే పెట్టుకున్న."

"ప్రభువా, ఆలకించు!" సంఘం ఒక్క గొంతుతో అన్నది. ఐలేష్ పెదవులు కదిలాయి గాని, అతనికి మాట రాలేదు. పెదవులు కదపడమంటే ఏమిటో ఆ క్షణాన అతనికి తెలిసింది.

బయటికి వచ్చాక వినోద్ కుమార్ సార్ మార్కుల కాగితం మడిచి ఐలేష్ చేతికిచ్చారు. ముగింపు గడి ఖాళీగా ఉంది. "మిగిలినవి నేను వేసిన. పాసైనవ్. గీ ఒక్కటి వేసేది నేను గాదు, ఇంటికి పోయి వేయించుకో" అన్నారు.

ఇంటికి వచ్చాక ఐలేష్ ఆ కాగితం త్రివేణి ముందు పెట్టి గడప మీద నిలబడ్డాడు. ఆమె అన్నీ చదివి చూసింది.

"మోటార్ మాట బాగున్నది" అంది. "ప్రవేశమే పెద్దగైంది. నాలుగు కూతలైతుండె!"

ముగింపు గడి అలాగే ఉంచి, కాగితాన్ని తాను సాపు రాసే నోటుబుక్కులో దాచింది. అతను వారం తర్వాత మొదటిసారి కొంచెం నవ్వాడు.

మర్నాడు పొద్దున సుక్కమ్మ ఎప్పటిలాగే గోడవార చాప పరిచింది. పక్కన చేత్తో తట్టింది. "కూసో బిడ్డా. నువ్వు చెయ్యకున్న మంచిదే. నేను చేస్త, నువ్వు పక్కన ఉండు."

త్రివేణి కూర్చుంది. అత్త ప్రార్థనలో మనవరాలి పేరు వచ్చింది, దాని వెనకే నలభై ఏళ్ల నాటి ఇంకో చిన్న పేరు కూడా వచ్చింది. కిటికీలోంచి లేత ఎండ చాప మీద పడుతోంది. త్రివేణి కళ్లు మూయలేదు. మూయమని ఎవరూ అనలేదు.