ఎర్ర బిళ్ళ, తెల్ల బిళ్ళ

విదేశాంగ మంత్రి అన్నవాహిక నుంచి తీసిన రెండు చిన్న కండ ముక్కల కోసం అప్పటికే ఒక మనిషి ప్రాణం పోయింది. పోయినవాడు ఏజెన్సీ కొరియర్. కారు బ్రేకులు ఫెయిలయ్యాయని పేపర్లో వచ్చింది. చీఫ్ ఆ వార్తను ఖండించలేదు.

"కేన్సర్," అన్నాడు చీఫ్. "మన డాక్టర్లు జీన్ ఎక్స్‌ప్రెషన్ రీడింగ్ తీశారు. ఏడాది కూడా కష్టం. సంగతి పొక్కితే అవతలి దేశం సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెట్టదు, ఆయన పోయేదాకా సాగదీస్తుంది. ఆ తర్వాత యుద్ధమే."

"ఆ ముక్కలు ఇప్పుడెక్కడున్నాయి?"

"ల్యాబ్ ఫ్రీజర్లో. అక్కడెవరో అమ్ముడుపోయారు. నువ్వెళ్లి తీసుకొచ్చెయ్."

పట్టుకుంటే వదలడని ఏజెన్సీలో అతన్ని జిడ్డు అంటారు. జిడ్డు ధీమాగా నవ్వాడు. ఆ ఫ్రీజర్లకి ఇంచార్జ్, ల్యాబ్‌లో ఏజెన్సీ మనిషి కూడా అతని మరదలే. అక్క పెళ్ళినాటికి చిన్నపిల్ల, ఆమె వెంటే వీళ్ళింటికొచ్చేసింది. చదివించాడు, జ్వరమొస్తే పక్కనే కూర్చున్నాడు. ఇప్పుడామె హైహీల్స్‌తో కారిడార్లో నడిస్తే మైక్రోస్కోపుల మీంచి తలలు లేస్తాయి.

మధ్యాహ్నం మెకానిక్ వేషంలో వెళ్ళాడు. పెట్టుడు మీసం, టూల్‌బాక్స్, స్క్రూడ్రైవర్ పిడిలో మత్తుసూది.

"కంప్రెసర్ మూలుగుతోందని ఫోన్ చేశారు," అన్నాడు కోడ్ ప్రకారం.

"మూలగడమా? గురక పెడుతోంది," అని మరదలు జవాబు కోడ్ చెప్పి, ఫ్రీజర్ గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. "మీసం వంకరగా ఉంది బావా."

సర్దుకుని తిరిగేసరికి ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

జిడ్డు స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. ఏమీ రాలేదు.

"సూది పొద్దున్నే తీసేశాను. నువ్వు నా చేతి కాఫీ తాగుతున్నప్పుడు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కొరియర్ చావూ దీని పనేనని జిడ్డుకి అర్థమైంది. "ఎందుకమ్మా?"

"అవతలి దేశంవాళ్ళు నాకు సొంత ల్యాబ్ ఇస్తున్నారు."

"నాతో అంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా."

"చిన్నప్పట్నుంచీ అన్నీ నువ్వే చేశావు. అదే విసుగొచ్చింది. రెండు ట్యూబులూ తియ్యి, గ్లవ్స్ నీకే ఉన్నాయి."

ఫ్రీజర్ తలుపు తీశాడు. చల్లటి పొగ కమ్మింది. మంత్రి పేరు బయటపడకూడదని ట్యూబుల మీద ఏ రాతా లేదు. మూతల మీద రంగు బిళ్ళలే గుర్తు: ఎర్రది కణితి, తెల్లది పక్కనున్న మంచి కండ. ఆ పద్ధతి పెట్టింది తనేనని ఓసారి భోజనాల దగ్గర మరదలు గొప్పలు పోయింది. "జీన్ అంటే రేడియో లాంటిది బావా. అందరింట్లోనూ ఉంటుంది, సౌండ్ ఎంత పెట్టారన్నదే లెక్క. మంచి కండలో కంటే కణితిలో ఈ జీన్ సౌండ్ ఎక్కువుంటే ఆ మనిషికి రోజులు తక్కువ."

జిడ్డు వీపు అడ్డం పెట్టి గ్లవ్ విప్పాడు. గోటితో రెండు బిళ్ళలూ ఊడదీసి, ఒకదాని చోట ఇంకోటి నొక్కాడు. వేళ్ళ చర్మం మూతలకంటుకుని లేచొచ్చింది. అరవకుండా పళ్ళు బిగించాడు. తలుపు ఇంకా తెరిచే ఉందని ఫ్రీజర్ అలారం మోగింది.

"ఎంతసేపు?"

మళ్ళీ గ్లవ్ తొడుక్కుని అందించాడు. ఆమె రంగులు చూసుకుని, డ్రై ఐస్ ఫ్లాస్క్‌లో పెట్టి, బయట గొళ్ళెం వేసి వెళ్ళిపోయింది.

చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు: "అంతా విన్నాను. గేటు దాటబోతోంది. స్నైపర్ రెడీ. మూడు... రెండు..."

"వద్దు సార్. బిళ్ళలు మార్చేశాను, లెక్క తిరగబడుతుంది. అవి వాళ్ళకి చేరాలి."

చీఫ్ లెక్క ఆపాడు. "వెళ్ళనివ్వండి," అన్నాడు చీఫ్.

పది రోజుల్లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఈ మంత్రితో ఇంకా చాలా ఏళ్ళు వేగాలనుకున్న అవతలి దేశం మంత్రి, టీవీలో ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"కాన్ఫరెన్స్ అంటూ వెళ్ళింది, చెల్లి ఫోనైనా చెయ్యదేం?" అంది జిడ్డు భార్య అన్నం వడ్డిస్తూ.

జిడ్డు కట్టు కట్టిన వేళ్ళకేసి చూసుకున్నాడు. మంత్రి కన్నుమూసిన రోజున, తమని మోసం చేసిందని అవతలివాళ్ళు మరదలి తలుపు తడతారు. అంతదాకానే దాని ఆయుష్షు. దాన్ని తలచుకుంటే ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

"ఈ మంత్రి నూరేళ్ళు బతకాలి," అన్నాడు టీవీ వైపు చూస్తూ.

"ఇదెప్పట్నుంచండీ," అంది భార్య, "మీకు మంత్రుల మీద ఇంత ప్రేమ?"