నాలుగు గంటల తేమ

ఆ రోజు జూలై పదకొండు. తేదీ అతనికి గుర్తుండిపోవడానికి కారణం ప్రేమ కాదు, లైబ్రరీ లిఫ్టు మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఆ రోజుతో ముగిసిపోవడం. మధ్యాహ్నం తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె ముక్కలు, ఒక అరటిపండు. నాన్న కట్టిచ్చిన డబ్బా అది. అమ్మ పోయాక ఆయన ధైర్యంగా చేసే వంట గుడ్లు ఉడకబెట్టడం ఒక్కటే. అందులో మాత్రం ఆయనకు తిరుగులేదు. పచ్చసొన ఎప్పుడు చూసినా సరిగ్గా మధ్యలోనే ఉండేది.

తిని, చేతులు కడుక్కుని, ఆర్కైవ్స్‌లో అలమరాలు కొలవడానికి బయల్దేరాడు.

యూనివర్సిటీ లైబ్రరీలన్నిటికీ ఆపరేషన్స్, ఫైనాన్స్ చూసే కొత్త మేనేజరు అతను. అంటే ఏ కిటికీ అద్దం పగిలినా, ఏ జర్నల్ చందా పెరిగినా, ఏ అంతస్తులో ట్యూబ్‌లైటు మిణుకుమిణుకుమన్నా చివరికి అతని టేబుల్ మీదికే వచ్చి పడుతుంది. పుస్తకాల గురించి అతన్ని ఎవరూ ఏమీ అడగరు. అవి ఉండే గదుల గురించే అడుగుతారు. స్టాఫంతా అతన్ని లెక్కలబ్బాయి అనేవాళ్ళు. ముప్పై దాటినవాణ్ణి అబ్బాయి అనడంలో కొంచెం ప్రేమ ఉంది, కొంచెం జాగ్రత్తా ఉంది.

ఆర్కైవ్స్ కింది అంతస్తులో వరండా చివర ఉంది. దానికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. వాటి మధ్య ఇద్దరు మనుషులు ఇరుక్కుని నిలబడేంత చోటు. బయటి తలుపు మూశాకే లోపలిది తియ్యాలి. బయటి గాలి లోపలికి పోకుండా ఆ ఏర్పాటు.

ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. నిచ్చెన తీసుకెళ్ళడానికి వీలుగా పుస్తకాల ట్రాలీ అడ్డం పెట్టి రెండు తలుపులూ బార్లా తెరిచాడు. బయట వాన దంచి కొడుతోంది.

"ఆ ట్రాలీ ఎవరిది?" లోపల్నించి ఒక గొంతు.

"నాదేనండీ. నిచ్చెన తేవాలి."

"తెండి. ముందు బయటి తలుపు మూసి, తర్వాత లోపలిది తియ్యండి."

"మధ్యలో నిచ్చెన పట్టదు కదండీ."

"పట్టదు. అందుకే ఇక్కడికి నిచ్చెన ఎవరూ తేరు. మాకు లోపలే ఒకటుంది."

స్వెట్టరు వేసుకుని, నడినెత్తిన పెన్సిలు గుచ్చిన ముడితో ఒకమ్మాయి వచ్చి ట్రాలీని ఒక్క తోపు తోసింది. పాత కాగితాలూ ఫోటోలూ చూసుకునే ఆర్కివిస్టు. స్టాఫ్ ఆమెకు తలుపులమ్మ అని పేరెందుకు పెట్టారో అతనికి అప్పుడు అర్థమైంది.

"లోపల పాతకాలం గాజు నెగటివ్‌లున్నాయి. తేమ తగిలితే పైపొర లేచి వచ్చేస్తుంది. మీ జీతం మొత్తం పోసినా ఇంకోటి దొరకదు."

"నా జీతం సంగతి మీకేం తెలుసు?"

"అందరి జీతాలూ చూసేది మీరే కదా. మీది బాగానే వేసుకుని ఉంటారు."

"జీతాలు నేను చూడనండీ. బల్బులు చూస్తాను."

ఆమెకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. "ఇంకో మాట. మీరు గుడ్డు తిని వచ్చారు."

"వాసనొస్తోందా?"

"కాగితాలకు పడదు. నాకు అసలే పడదు."

అతను నిచ్చెన భుజాన వేసుకుని, బట్టలు తడుపుకుంటూ వెనక్కి వచ్చేశాడు. దారిలో జేబులోంచి యాలక్కాయ తీసి నోట్లో వేసుకున్నాడు. ఇక ఆ రోజుకి ఎవరినీ కలిసే పని లేదన్న సంగతి నమిలాక గుర్తొచ్చింది.

*

ఆ నెలాఖరులో లైబ్రరీ కమిటీ ఒక నిర్ణయం చేసింది. ఆర్కైవ్స్ గదిని చల్లగా, పొడిగా ఉంచడానికి కరెంటు విపరీతంగా అవుతోంది. ఈ వానాకాలం వాడకం పోయినేడాది కంటే పెరగకపోతే గది ఉంటుంది. పెరిగితే సామానంతా వేరే ఊళ్ళో ఒక అద్దె గోడౌనుకు పంపేస్తారు. పెట్టెలతో పాటు ఆర్కివిస్టు కూడా వెళ్ళాలి. లెక్క చూసి రిపోర్టు ఇవ్వాల్సింది అతను.

ఆ సంగతి ఆమెకు చెప్పడానికే వెళ్ళాడు. ఈసారి బుద్ధిగా బయటి తలుపు లాగి, లోపలి తలుపు కొట్టాడు.

"మీరు పంపించేస్తారా మమ్మల్ని?" విన్నాక ఆమె అడిగింది.

"నేను పంపించను. లెక్క ఎలా వస్తే అలా రాస్తాను."

"అదే కదా పంపించడమంటే."

కరెంటు ఎక్కడ వృథా అవుతోందో రోజూ వచ్చి చూస్తానన్నాడు. సాయంత్రం నాలుగింటికి అందరూ టీకి పోతారు, అప్పుడైతే తీరిగ్గా చూడొచ్చని కూడా అన్నాడు. ఆమె సరేనంది.

రోజూ వెళ్ళాడు. తేమ లాగే యంత్రం చప్పుడు విన్నాడు, తీగలు చూశాడు, బల్బులు మార్పించాడు. చూడాల్సినవన్నీ వారంలోనే అయిపోయాయి. అయినా నాలుగయ్యేసరికి కాళ్ళు అటే వెళ్ళేవి. లోపల చలి కాబట్టి అతను లోపలి తలుపుకు ఆనుకుని, సగం లోపల సగం బయట నిలబడేవాడు. ఆమె చేతిలో మెత్తటి బ్రష్షుతో, గాజు పలకల మీద దుమ్ము దులుపుతూ మాట్లాడేది.

"ఇది చూడండి. పెళ్ళి ఫోటో. పెళ్ళికొడుకు కెమెరా వైపు చూడ్డం లేదు."

"పెళ్ళికూతురి వైపు చూస్తున్నాడు."

"కాదు, ఆమె వెనకున్న కుక్క వైపు చూస్తున్నాడు. బాగా చూడండి."

బాగా చూశాడు. నిజమే. ఇద్దరూ నవ్వుకున్నారు. బయట వాన జల్లు వరండాలోకి కొడుతోంది.

ఆగస్టులో అతనికి జ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. తిరిగి వెళ్ళిన రోజు ఆమె తలెత్తకుండానే అడిగింది, "బల్బులు కులాసాగా ఉన్నాయి. మీరెలా ఉన్నారు?"

ఎండ కాసే రోజుల్లో కూడా కొడుకు స్వెట్టరు సంచిలో పెట్టుకోవడం నాన్న గమనించాడు. దాన్ని ఉతికి, ఆరేసి, మడత పెట్టి సంచి పక్కన పెట్టేవాడు.

*

సెప్టెంబరు చివర్లో లెక్క చూస్తే వాడకం పెరిగింది. మరీ ఎక్కువేం కాదు, కానీ పెరిగింది.

ఆర్కైవ్స్ గోడకు ఒక గాజు పెట్టె ఉంటుంది. అందులో మెల్లగా తిరిగే డ్రమ్ము, దానికి చుట్టిన కాగితం, కాగితం మీద గదిలో తేమ ఎంతుందో గీసే సిరా ముల్లు. ఆ వానాకాలపు కాగితాలన్నీ అడిగి తెచ్చుకుని అతను టేబుల్ మీద వరసగా పరిచాడు.

గీత అంతా నున్నగా పోతోంది. రోజూ సాయంత్రం మాత్రం ఒంటె మూపురంలా లేస్తోంది. నాలుగు దాటగానే లేచి, రాత్రంతా మెల్లగా దిగుతోంది. ఆ దిగడానికే యంత్రం తెల్లవార్లూ తిరుగుతోంది. ఆదివారాలు మూపురం లేదు. ఆగస్టులో ఒక వారం మొత్తం లేదు.

ఆ వారం ఏం జరిగిందా అని కాసేపు ఆలోచించాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఆ వారం తనకు జ్వరం.

కరెంటు ఎందుకు ఎక్కువవుతోందో కనిపెట్టడానికి రోజూ వెళ్ళి నిలబడింది తనే. ఎక్కువవుతున్నది తను నిలబడినందుకే. బయటి తలుపు వానకు ఉబ్బి, భుజంతో నెడితే తప్ప పూర్తిగా పడదు. లోపలి తలుపుకు తను ఆనుకుని ఉంటాడు. ఇక తేమకు అడ్డేముంది?

ఏసీ మెకానిక్ ఒక దారి చూపించాడు. "ముల్లు పాతదైపోయింది, తప్పు చూపిస్తోందని రాసెయ్యండి సార్. ఎవరడుగుతారు?"

"అప్పుడు కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది అంటారు కదా."

"వానలెక్కువ అనండి."

ఆ రెంటిలో ఏది రాసినా గది పోతుంది. నిజం రాస్తే గది నిలబడొచ్చు, పరువు నిలబడదు. ఒకవేళ ఆమె నవ్వేస్తే? ఒకవేళ కోప్పడితే? ఆమెకు వేరే ఊరు పోవాల్సిన గతి తెచ్చింది తనే కదా.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకు చెప్పాడు. పూర్తిగా కాదు, తలుపు సంగతి మాత్రం.

నాన్న గుడ్డు పెంకు వలుస్తూ విన్నాడు. "మీ అమ్మా అంతేరా. ఎవరొచ్చినా గుమ్మంలో నిలబెట్టి గంట మాట్లాడేది. లోపలికి రమ్మనదు, వెళ్ళి రమ్మనదు. దోమలన్నీ ఇంట్లోకి వచ్చేవి."

"నువ్వేమనేవాడివి?"

"దోమతెర కొన్నాను." పెంకులు ఒకపక్కకు తోశాడు. "ఆ అమ్మాయికి గుడ్లు ఇష్టమేనా?"

"నేను అమ్మాయని చెప్పలేదే."

"స్వెట్టరు చెప్పింది."

*

కమిటీలో పెద్దమేడమ్, అంటే చీఫ్ లైబ్రేరియన్, మధ్యలో కూర్చుంది. ఒకపక్క రిజిస్ట్రారు, ఇంకోపక్క ట్రెజరరు. ఆర్కివిస్టు చివరి కుర్చీలో ఉంది, ముడిలో పెన్సిలు లేకుండా. ఆమె అంత బిగదీసుకుని కూర్చోవడం అతనెప్పుడూ చూడలేదు.

అతను కాగితాలు గోడకు అంటించాడు.

"సాయంత్రం సాయంత్రం ఈ లేవడమేమిటి?" ట్రెజరరు అడిగాడు.

"నేనండీ."

"మీరేమిటి?"

"ఆ టైముకి నేను వెళ్తాను. లోపలి తలుపుకు ఆనుకుని నిలబడతాను. బయటిది సరిగ్గా పడదు. తేమంతా లోపలికి పోతుంది. నాకు జ్వరం వచ్చిన వారం చూడండి, గీత నున్నగా ఉంది. సీజనంతా అలాగే ఉండి ఉంటే వాడకం పోయినేడాది కంటే తగ్గేది."

"రోజూ అక్కడేం పని మీకు?"

"మొదట్లో కరెంటు చూడ్డానికి వెళ్ళాను."

"తర్వాతో?"

"తర్వాత పనేమీ లేదండీ."

రిజిస్ట్రారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

"తప్పు ఆయనొక్కరిదే కాదు మేడమ్." ఆమె లేచి నిలబడింది. "ఆ కాగితం ప్రతి సోమవారం మార్చేది నేను. మొదటి వారమే చూశాను."

"చూసి?" పెద్దమేడమ్ ఆమె వైపు తిరిగింది. "తలుపు సరిగ్గా వెయ్యలేదని నన్నే ఒకసారి బయట నిలబెట్టావు కదమ్మా. ఈయన్ని వేసుకోమని చెప్పలేదే?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"చెబితే, వేసుకుని వెళ్ళిపోతారేమోనని."

అతను గోడకు అంటించిన కాగితాన్ని మళ్ళీ అంటించాడు. అది ఊడలేదు. అయినా అంటించాడు.

పెద్దమేడమ్ కలం తీసింది. నిర్ణయం రాస్తూ, అదే పైకి చదివింది. గది ఇంకో ఏడాది ఉంటుంది. వడ్రంగిని పిలిపించి బయటి తలుపు చిత్రిక పట్టించాలి. మేనేజరు ఇకమీదట ఆర్కైవ్స్ లోపల అడుగు పెట్టకూడదు.

అతను తలూపాడు.

"వరండాలో బెంచీ ఉంది," కలం మూసి అంది పెద్దమేడమ్. "వరండా కరెంటు లెక్కలో రాదు."

*

సాయంత్రం అతను బెంచీ మీద కూర్చున్నాడు. వాన వెలిసి, చూరు నుంచి బొట్లు పడుతున్నాయి. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. స్వెట్టరు విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"మొదటి వారమే తెలుసా మీకు?" అన్నాడు.

"మీకు తెలియడానికి రెండు నెలలు పట్టింది. లెక్కలు మీవి."

"గది పోయి ఉంటే?"

"రోజూ భయపడ్డాను. రేపు చెబుదాం అనుకునేదాన్ని. రేపు నాలుగు అయ్యేది, మీరు వచ్చేవారు." అతని పక్కనున్న డబ్బా వైపు చూసింది. "ఆ డబ్బాలో ఏముంది?"

"నాన్న ఇవాళ ఎక్కువ పెట్టారు. మీకు ఇష్టమేనా అని అడగమన్నారు."

"ఇష్టం లేదు," అంటూనే ఒకటి తీసుకుని కొరికింది. లోపల చూసింది. "పచ్చసొన సరిగ్గా మధ్యలో ఉందే. ఎలా చేస్తారాయన?"

"ఆదివారం మీరే వచ్చి అడగండి. గుమ్మంలోనే నిలబెట్టి గంట మాట్లాడతారు, మా అమ్మ అలవాటు ఆయనకొచ్చింది."

"గుమ్మాలు నాకు కొత్తా?"

కాసేపటికి వరండాలో లైట్లు వెలిగాయి. ఆమె లేచి చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి యంత్రం చప్పుడు ఒకసారి విని వచ్చింది. లోపలి తలుపు వేసింది. బయటి తలుపుకు ఇంకా చిత్రిక పట్టలేదు. అతను లేవబోతే వద్దని చెయ్యి చూపించి, ఇద్దరూ ఇవతలే ఉన్నారని ఒకసారి చూసుకుని, భుజం ఆనించి, ఆ రాత్రికి దాన్ని చప్పుడు కాకుండా పూర్తిగా మూసింది.