పదిహేడో ఇంటి నెయ్యి

ఫిన్‌లాండ్ నుంచి వచ్చిన ఈ-మెయిల్‌ను ప్రింటు తీసి, మునీశ్వరి దాన్ని వినోద్ ముక్కు ముందు ఆడించింది.

"ఏమప్పా, ఇంత ఘనకార్యం చేసేదానికి మా ల్యాబే దొరికిందా నీకు?"

వినోద్ అప్పుడే పుంగనూరు బస్సు దిగి మదనపల్లె ల్యాబుకు వచ్చాడు. చేతిలో నెయ్యి సీసాల పెట్టె ఉంది. "ఫిన్‌లాండోళ్ళు తిట్టినారా మేడం?"

"తిట్టింటే బాగుండు. మర్యాదగా అడిగినారు. దానికే భయంగా ఉండాది."

అది 2003. ఆ చిన్న ల్యాబు ఫిన్‌లాండ్, జపాన్ ల్యాబులతో కలిసి పుంగనూరు పొట్టి ఆవుల నెయ్యిలోని కొవ్వు మీద పనిచేస్తోంది. ఇరవై ఇళ్ళు, ఇంటికొక ఆవు. వినోద్ నెలనెలా ఇల్లిల్లూ తిరిగి నెయ్యి తేవాలి. మునీశ్వరి ప్రతి సీసానూ మూడు భాగాలు చేసి రెండింటిని సముద్రాలు దాటించాలి. మూడు చోట్లా ఒకే ఫలితం వస్తేనే ఒకరినొకరు నమ్మినట్టు. ఆ రెండు దేశాలవాళ్ళను ఒప్పించడానికి ల్యాబు పెద్ద చెంగల్రాయుడు సార్ రెండేళ్ళు ఉత్తరాలు రాశాడు పాపం.

ఆవు మేసే గడ్డి మారితే నెయ్యీ మారుతుంది. ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో ఇంకోలా ఉంటుంది. పదిహేడో ఇంటి నెయ్యి మాత్రం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వెంట్రుకవాసి కూడా మారలేదు. మూడు దేశాల్లోనూ అదే తేలింది, ఎందుకని ఫిన్‌లాండ్ వాళ్ళు అడిగారు.

"ఒక్క దినం కాచిన నెయ్యిని ఆర్నెల్లు పోసినావు. పుంగనూరుకు పోకుండా యాడ నిద్రపోయినావో చెప్పు."

"పాత నెయ్యయితే చెడిపోవల్ల కదా మేడం? చెడిందా?"

మునీశ్వరి పాత కాగితాలు తిరగేసింది. చెడిపోయిందో లేదో చూసే పరీక్ష ప్రతి నెలా చేసింది. ప్రతిసారీ అది నిన్న కాచిన నెయ్యిలాగే తేలింది.

"ఆ ఆవును కండ్లారా చూసినావా?"

వినోద్ పెట్టె కింద పెట్టాడు. "దాని మెడలో గంట మోగేది ఇన్నాను. పాలిచ్చే ఆవు మీద బయటోళ్ళ దిష్టి పడకూడదని ఆ అవ్వ గోనెపట్టా అడ్డం కట్టింటాది. ఎత్తమని నేను యాల అడుగుతాను?"

ఎప్పుడూ నవ్వే ఆ మొహంలో నవ్వు లేదు. ఆ నవ్వంటే మునీశ్వరికి ప్రాణం. అందుకే కోపం రెండింతలైంది. ఇది మోసమని తేలితే విదేశాల పొత్తు పోతుంది, వినోద్ ఉద్యోగమూ పోతుంది. సోమవారంలోగా జవాబు రాయమన్నాడు సార్.

మరునాడు మధ్యాహ్నం ఇద్దరూ పుంగనూరులో బస్సు దిగారు. సన్నగా తుంపర పడుతోంది. పదిహేడో ఇల్లు చిన్నక్క అనే ఆ అవ్వది, ఊరి చివర ఉంది. వాకిట్లో ముసలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కనే కొట్టం, దానికి గోనెపట్టా తెర.

తెర వెనక గంట మోగింది. ఆవు గడ్డి కోసం మెడ తిప్పితే ఎంత నిదానంగా మోగుతుందో అంత నిదానంగా.

"ఇనపడిందా?" అన్నాడు వినోద్ గొంతు తగ్గించి.

మునీశ్వరికి గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇతను అబద్ధం చెప్పలేదు! "అవ్వా, ఆవును ఒక్కసారి చూపీ. దిష్టి పెట్టంలే."

చిన్నక్క ఇద్దరినీ చూసింది. లేచి తెర పైకెత్తింది. "సూడండమ్మా."

కొట్టం ఖాళీ. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. గుంజకు తాడు కూడా లేదు. లోపలినుంచి మాత్రం ఆవు ఊపిరిలాంటి వెచ్చటి గాలి వచ్చి మొహానికి తగిలింది. మునీశ్వరి చేతిలో వినోద్ చెయ్యి ఉంది. ఎవరు ముందు పట్టుకున్నారో తర్వాత ఎప్పుడూ తేలలేదు.

"మార్చిలోనే పోయిందప్పా నా గౌరి తల్లి," అంది చిన్నక్క. "నెలనెలా వచ్చి 'గౌరి బాగుండాదా అవ్వా' అని నవ్వతా అడిగితివి. లేదని ఏ నోటితో చెప్పేది? అది పోయే ముందు కాచిన నెయ్యి కుండలో ఉండాది. అదే పోస్తా వచ్చినా."

"మరి ఆ గంట?" అంది మునీశ్వరి ఖాళీ గుంజ వైపు చూస్తూ.

"గంటా? మెడకుండంగానే పూడ్చినాం కదమ్మా." ముసలమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మీకూ ఇనపడిందా? నాకొక్కదానికే అనుకుంటాండా."

తిరుగు బస్సెక్కారు. పొలిమేర దాటాక వినోద్ అన్నాడు: "పదిహేడో నంబరు కొట్టేయండి మేడం. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు కదా."

ఆ సాయంత్రం ఆమె ల్యాబు ఫారంలో రెండు దేశాలకూ ఉన్నదున్నట్టు రాసింది. ఆవు చనిపోయింది. చూడకుండా నమ్మడం మా ల్యాబు తప్పు. వినోద్ మోసం చెయ్యలేదు. గంట సంగతి రాయలేదు, ఆ ఫారంలో దానికి గడి లేదు.

తెల్లారేసరికి వినోద్ లేడు. చెప్పాపెట్టకుండా కుప్పంలో వాళ్ళన్న నడిపే రాళ్ళ పాలిషు యార్డుకు వెళ్ళిపోయాడు.

బుధవారం జవాబు వచ్చింది. పంతొమ్మిది ఆవులతో సాగుదామన్నారు. ఇకమీద ప్రతి ఇంటికీ ఇద్దరు వెళ్ళాలి, ఆవును చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ నెయ్యి ఎందుకు చెడలేదో మూడు ల్యాబులూ కలిసి వెతకాలి. చెంగల్రాయుడు సార్ దాన్ని మూడుసార్లు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మునీశ్వరి కుప్పం బస్సెక్కింది.

యార్డులో కరెంటు లేదు, మిషన్లు ఆగి ఉన్నాయి. మనిషెత్తు నల్లరాతి పలకలు అద్దాల్లా మెరుస్తూ వరసగా నిలబడ్డాయి. ఏ పలకలో చూసినా మునీశ్వరే నడుస్తోంది. ఒక పలకలో మాత్రం ఆమె వెనక వినోద్ ఉన్నాడు. గిర్రున తిరిగింది. ఎవరూ లేరు.

"ఎవర్ని ఎతుకుతాండారు మేడం?" వినోద్ గేటు వైపునుంచి వస్తున్నాడు.

"ఇంతకుముందు నా ఎనక ఉన్నింది నువ్వే కదా?"

"నేనిప్పుడే టీ తాగి వస్తాండాను."

ఆమె ఆ పలక వైపు మరోసారి చూసింది. అయినా వచ్చిన పని వదల్లేదు. "వాళ్ళు నమ్మినారు. అందరికంటే ముందు నేను నమ్మాల్సింది. తప్పయిపోయింది వినోద్."

"అనుమానం మీ పని, తప్పు లేదు. ఆ దినం నన్ను చూడకుండా కాగితాన్ని చూసి అడిగినారే, దానికి నొచ్చుకున్నా."

"ఇప్పుడు నిన్నే చూస్తాండా. ఇంటింటికీ ఇద్దరు పోవల్లంట. రెండో మనిషిని నేనే."

"ఎన్నాళ్ళు?"

"ప్రాజెక్టు మూడేండ్లు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఒక్క ఇంటికే. మా ఇంటికి. మా నాయనను అడగల్ల నువ్వు. నువ్వంటే నాకిష్టం, ఇంకెట్లా చెప్పేది?"

వినోద్ బొమ్మలా నిలబడిపోయాడు. అతని వెనక నల్లరాతిలో ఉన్న వినోద్ మాత్రం నవ్వి, సరేనని తల ఊపాడు. ఒక్క క్షణం ఆలస్యంగా, ఎదుట ఉన్న వినోద్ కూడా నవ్వి తల ఊపాడు.

మునీశ్వరి ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకటికి రెండుసార్లు ఒప్పుకున్నాడు కదా అని ధైర్యం చెప్పుకుని, అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది.